హేమేట్ ఎముక కొక్కెం విరిగితే అతికించకుండా ఎందుకు తీసేస్తారు?

మణికట్టులో చిటికెన వేలి వైపు ఉండే హేమేట్ ఎముక కొక్కెం (అరచేతి వైపు పొడుచుకొచ్చిన భాగం) విరిగి అతుక్కోకపోతే, సాధారణంగా ఆ ముక్కను స్క్రూతో బిగించే బదులు శస్త్రచికిత్స చేసి తొలగిస్తారు. ఆ కొక్కేనికి రక్తప్రసరణ తక్కువ. పైగా ఉంగరపు వేలిని, చిటికెన వేలిని ముడిచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటి కణజాలం) దాన్ని ఒరుసుకుంటూ సాగుతాయి కనుక, పిడికిలి బిగించిన ప్రతిసారీ ముక్క కదిలి అతుకు నిలవదు, గరుకు అంచుకు రాసుకుని టెండన్ తెగిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. ఇది ఎలా విరుగుతుందంటే, ఉదాహరణకు గోల్ఫ్ కర్ర నేలకు గట్టిగా తగిలినప్పుడు పిడి చివర అరచేతి అడుగుభాగాన్ని గుద్ది ఈ కొక్కేన్ని విరుస్తుంది. ఈ పగులు మామూలు ఎక్స్‌రేలో తరచూ కనిపించదు, సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. ఎముక ముక్క తీసేస్తే చేతిపట్టు శాశ్వతంగా పోతుందనేది అపోహ మాత్రమే: పక్కనే ఉన్న అల్నార్ నరాన్ని (చిటికెన వేలి వైపు స్పర్శనూ చేతి కదలికలనూ నడిపే నరం) జాగ్రత్తగా కాపాడుతూ చేస్తే, చాలామందికి నొప్పి తగ్గి పట్టు దాదాపు మునుపటిలాగే తిరిగి వస్తుంది.