స్కాలర్‌షిప్ వస్తుందని మూడు రూపాయల మిత్తికి తెస్తారా?

ప్రశ్న: నా వయసు 47. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాగా చేస్తున్నాను. జీతం 13 వేలు. నా భార్య ఇంట్లో మిషన్ కుడుతుంది, నెలకు మూడు వేల దాకా వస్తాయి. మేము బీసీలం. అమ్మాయికి పీజీ సీట్లకు జరిగే సీపీగెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ న్యూట్రిషన్ సీటు వచ్చింది. అబ్బాయి హన్మకొండలో బీపీఈడీ (వ్యాయామ విద్య) చేస్తున్నాడు. ఇద్దరికీ మొదటి ఏడాది అయిపోయింది. స్కాలర్‌షిప్‌కు ప్రభుత్వ పోర్టల్ ఈపాస్‌లో అప్లై చేశాం, శాంక్షన్ అయినట్టు చూపిస్తోంది, డబ్బులు మాత్రం పడలేదు. కాలేజీ వాళ్లు ముందు మీరు కట్టండి, తర్వాత ఇస్తామన్నారు. ఉన్న 60 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేశాం. తెలిసినాయన దగ్గర లక్షన్నర మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. ఏడాదిగా మిత్తి కడుతున్నాం, అసలు అట్లనే ఉంది. ఇప్పుడు రెండో ఏడాదికి అమ్మాయికి 55 వేలు, అబ్బాయికి 25 వేలు కట్టాలి. గిరిగిరి ఫైనాన్స్ అతను 80 వేలు ఇస్తానంటున్నాడు. 12 వేలు ముందే పట్టుకుంటాడు, రోజుకు 800 చొప్పున వంద రోజులు కట్టాలి. స్కాలర్‌షిప్ పడగానే అన్నీ ఒకేసారి తీర్చేద్దామని ఉంది. ఇంట్లో మూడు తులాల బంగారం ఉంది కానీ అమ్మాయి పెళ్లికని ముట్టుకోలేదు. పిల్లల చదువులకు ఇంకేమైనా స్కాలర్‌షిప్‌లు ఉన్నాయా?

జవాబు: ముందు ఆ గిరిగిరి అతనికి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. మిగతాది తర్వాత చదవండి.

రోజుకు 800 కడతానని ఎలా అనుకున్నారు? మీ ఇద్దరి సంపాదన కలిపితే నెలకు 16 వేలు, అంటే రోజుకు 530 రూపాయలు. అందులోంచే మిత్తి పోవాలి, బియ్యం రావాలి, కరెంటు బిల్లు కట్టాలి. మీకు కావలసింది 80 వేలు, చేతికొచ్చేది 68 వేలు. తగ్గిన 12 వేల కోసం మళ్లీ ఎవరి గుమ్మం తొక్కుతారు? పేరుకు వంద రోజులకు 12 వేలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ వస్తారు కాబట్టి, ఏడాది లెక్కన చూస్తే వడ్డీ నూటికి నూరు దాటిపోతుంది. వ్యాపారం ఉండి రోజూ గల్లా పెట్టెలో డబ్బు పడేవాళ్లే ఇందులో ఇరుక్కుని బయటికి రాలేక అవస్థ పడుతున్నారు. నెల జీతగాడు దాని జోలికే పోకూడదు.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది గిరిగిరి గురించి చెప్పడానికి కాదు. 'స్కాలర్‌షిప్ పడగానే తీర్చేద్దాం' అన్న మీ మాట కోసం. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ మాట లేనిది తక్కువ. శాంక్షన్ అయిందంటే డబ్బు వచ్చినట్టే అని లెక్క వేసుకుని, దాని మీద అప్పు తెస్తారు. శాంక్షన్‌కు తేదీ ఉంది, డబ్బు పడటానికి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయి, ఏకంగా కాలేజీ యాజమాన్యాలే బంద్‌కు దిగిన సంగతి మీరూ చూశారు. అంత పెద్ద కాలేజీలకే అందని డబ్బు మీకు ఫలానా నెలలో అందుతుందని ఎవరు చెప్పారు? తేదీ తెలియని రాబడిని నమ్ముకుని, ప్రతి నెలా ఒకటో తారీఖు గుమ్మంలో నిలబడే అప్పు తెచ్చుకున్నారు.

ఇంకో చిక్కు ఉంది. ట్యూషన్ ఫీజు డబ్బు మామూలుగా కాలేజీ ఖాతాలో పడుతుంది. తిండికీ ఖర్చులకూ ఇచ్చే మెయింటెనెన్స్ డబ్బు మాత్రమే విద్యార్థి ఖాతాకు వస్తుంది. అంటే మీరు కట్టిన ఫీజు మీకు తిరిగి రావాలంటే ప్రభుత్వం ఇవ్వాలి, ఆ తర్వాత కాలేజీ ఇవ్వాలి. మీ దగ్గరున్న రసీదు మీద ఏమని రాసిందో ఒకసారి చూడండి. 'రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి చెల్లిస్తాం' అన్న మాట లేకపోతే, అమ్మాయిని ప్రిన్సిపాల్‌కు ఒక దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద స్టాంపు, సంతకం తీసుకోమనండి. నోటి మాట మీద ఉంటే టీసీ తీసుకునే రోజున తిప్పలు పడతారు. ప్రభుత్వం ఇచ్చేది కూడా తాను ఖరారు చేసిన ఫీజు మేరకే, కాలేజీ వసూలు చేసినదంతా కాదు. కాబట్టి మీరు మనసులో వేసుకున్న మొత్తంలో కొంత ఎప్పటికీ రాదనే అనుకోండి. హాజరు 75 శాతం కంటే తగ్గితే అదీ ఆగిపోతుంది. రెండో ఏడాది రెన్యువల్ గడువు దాటకుండా చూసుకోండి.

ఇప్పుడు మూడు రూపాయల మిత్తి. లక్షన్నరకు నెలకు 4,500, ఏడాదికి 54 వేలు. అమ్మాయి రెండో ఏడాది ఫీజు ఎంత? 55 వేలు. ఆ ఫీజును మీరు ఇప్పటికే కట్టేశారు, కాకపోతే కాలేజీకి కాకుండా ఆ తెలిసినాయనకు కట్టారు. ఇదంతా జరుగుతుంటే బీరువాలో మూడు తులాల బంగారం ఊరికే పడి ఉంది.

పెళ్లికి దాచిన బంగారం కుదువ పెట్టడం మన ఇళ్లలో ఎంత కష్టమైన మాటో నాకు తెలుసు. మీ ఇంటావిడ ఒప్పుకోకపోతే ఈ ఒక్క లెక్క ఆమె ముందు పెట్టండి. ప్రభుత్వ బ్యాంకులో బంగారం మీద వడ్డీ ఏడాదికి పది శాతానికి అటూ ఇటూ ఉంటుంది. లక్షన్నరకు ఏడాదికి 15 వేలు, నెలకు 1,250. ఇప్పుడు కడుతున్నది 4,500. నెలకు 3,250 మిగులుతుంది. నగలు ఎక్కడికీ పోవు, మన బీరువాలో ఉండేవి బ్యాంకు లాకర్‌లో ఉంటాయి. అయితే ఆ 1,250 నెల తప్పకుండా కట్టాలి, గడువుకు రెన్యువల్ చేయించాలి, లేకపోతే వేలం నోటీసు వస్తుంది. బ్యాంకులోనే పెట్టండి. ఐదు నిమిషాల్లో ఇస్తామని బోర్డు పెట్టుకున్న చోటికి వెళ్లకండి. ఆ తెలిసినాయనకు డబ్బు కట్టిన రోజే ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని, ఆయన ముందే చింపేయండి.

ఆ మిగిలే 3,250 గురించే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. లెక్కలు తెలిసినవాళ్లు ఎవరైనా దాన్ని బంగారం అప్పు అసలులోకి కట్టమంటారు. పది శాతం అప్పు ఉండగా నాలుగు శాతం సేవింగ్స్‌లో డబ్బు పెట్టడం నష్టమే కదా అంటారు. మీకు మాత్రం నేను ఆ సలహా ఇవ్వను. మీ ఇల్లు ఈ ఊబిలో దిగింది అప్పు తెచ్చిన రోజున కాదు, ఆ 60 వేల డిపాజిట్ తీసేసిన రోజున. అప్పటిదాకా మీకు ఒక ఆసరా ఉంది. ఆ తర్వాత ఏ చిన్న అవసరం వచ్చినా చేయి చాచడం తప్ప దారి లేకుండా పోయింది. ఇప్పుడు బంగారం అప్పు కొంచెం కొంచెంగా తీర్చుకుంటూ పోయి, మధ్యలో ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరి అడ్మిట్ చేయాల్సి వస్తే, మళ్లీ అదే మూడు రూపాయల గుమ్మానికే వెళ్తారు.

మీ ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, మిత్తి పక్కన పెడితే నెలకు పది పదకొండు వేలు అనుకుందాం. మూడు నెలల ఖర్చు చేతిలో ఉండాలనేది అందరికీ చెప్పే లెక్క. నెలకు 3,250 పెడితే ఏడాదికి 39 వేలు, మీకు ఆ మూడు నెలల ఖర్చు జమ అవుతుంది. కానీ రీయింబర్స్‌మెంట్ మీద పిల్లల్ని చదివించే ఇంటికి అది చాలదు. ఒక ఏడాది ఫీజు కూడా అందులో ఉండాలి. ప్రభుత్వం డబ్బు ఆలస్యమైనప్పుడు ఆ మధ్య కాలాన్ని దాటించేది అదొక్కటే. కాబట్టి మొదటి ఏడాదిలో బంగారం అప్పు అసలు తీర్చే జోలికి పోకండి. ఏ రోజైనా ఈపాస్ డబ్బు పడితే, దాన్ని మూడు భాగాలు చేసి, ఒక భాగం ఈ నిధిలో వేసి, మిగిలింది బంగారం విడిపించడానికి వాడండి. అప్పుడు సంబరంగా టీవీ కొనకండి.

ఎక్కడ పెట్టాలంటే, మీ ఇంటావిడ పేరు మీద పోస్టాఫీసులోనో వేరే బ్యాంకులోనో ఒక సేవింగ్స్ ఖాతా. దానికి ఫోన్‌పే, గూగుల్‌పే తగిలించవద్దు. చిట్టీలో వద్దు. అవసరం వచ్చిన నెలలో పాట మీకే దక్కుతుందని గ్యారంటీ లేదు, దక్కించుకోవాలంటే ఎంత తగ్గించి పాడాలో మీకు తెలుసు.

అబ్బాయి బీపీఈడీ అన్నారు కదా, అందుకే ఈ విషయంలో మరీ గట్టిగా చెబుతున్నాను. రోజూ పొద్దున్నే గ్రౌండ్‌లో ఉండే పిల్లాడికి మోకాలి లిగమెంట్ తెగడం పెద్ద వింత కాదు. మీకు రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది, పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు కూడా. కానీ జాబితాలో ఉన్న చికిత్సకే, జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే అది పనికొస్తుంది. ఎమ్మారై స్కాన్, తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ, ఆటో ఖర్చులు చేతి నుంచే పోతాయి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఉందిగా అంటారేమో, అది ప్రాణం పోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో ఇచ్చేది. అయినా మీరు దాన్ని, దాంతోపాటు 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమాను బ్యాంకులో ఫారం నింపి వెంటనే తీసుకోండి. జీవన జ్యోతిలో చేరడానికి 50 ఏళ్ల దాకానే వీలుంది, మీకు ఇంకా మూడేళ్లే ఉంది. రెండూ కలిపి ఏడాదికి 456. మీ మీద ఇంత అప్పు ఉండగా రేపు మీకేమైనా అయితే అది పిల్లల నెత్తిన పడకూడదు.

రెండో ఏడాది ఫీజులకు విద్యారుణం అడగండి. నాలుగు లక్షల లోపు దానికి ఆస్తి తాకట్టు ఉండదు, తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కోర్సు మధ్యలో ఉన్నా, మిగిలిన ఏడాదికి ఇవ్వవచ్చు, హాస్టల్ ఖర్చూ కలపవచ్చు. కేంద్రం విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో అమ్మాయి కాలేజీ ఉందేమో పోర్టల్‌లో చూడండి. లేకపోతే మామూలు విద్యారుణమే. మీ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు కాబట్టి, కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యతను చూసే సంస్థ) గుర్తింపు ఉండి కోర్సు ప్రొఫెషనల్ కిందకు వస్తే చదివే కాలంలో వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది, అది వర్తిస్తుందా అని మేనేజర్‌నే సూటిగా అడగండి. ఒక బ్రాంచిలో 'చూద్దాం' అంటే ఇంకో బ్రాంచికి వెళ్లండి. బోనఫైడ్, ఫీజు వివరాలు ఉన్న కాలేజీ లెటర్, సీపీగెట్ అలాట్‌మెంట్ ఆర్డర్, మొదటి ఏడాది మార్కుల మెమో, మీసేవ ఆదాయం సర్టిఫికెట్ పట్టుకుని ఒకేసారి వెళ్తే నాలుగు సార్లు తిరిగే పని తప్పుతుంది.

ఈ రుణం తీర్చడం కోర్సు అయ్యాక ఏడాదికి మొదలవుతుంది. ఆ ఏడాది మీకు చాలా అవసరం. అమ్మాయి పరీక్షలు రాసిన నెల నుంచే జీతం తెస్తుందని లెక్క వేసుకోకండి. రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేసి పరీక్ష రాయాలి. ఆ ఇంటర్న్‌షిప్‌లో చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు అడుగుతారు. ఆ ఆరు నెలల తిండీ గదీ ఎవరు చూసుకోవాలి? మళ్లీ ఆ నిధే.

ఇక వేరే స్కాలర్‌షిప్‌ల సంగతి. యూజీసీ పీజీ విద్యార్థులకు నెలకు 15 వేల చొప్పున, ఏడాదికి పది నెలలు ఇచ్చే జాతీయ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీ మార్కుల మీద ఎంపిక. అది పీజీ మొదటి ఏడాదిలో అడగాల్సింది, అమ్మాయికి సమయం దాటిపోయింది. ఈ ఏడాది పీజీలో చేరే పిల్లలున్న ఇళ్లవాళ్లు మాత్రం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ గడువు చూసుకోండి. ఇంటర్ మార్కుల మీద ఏడాదికి 12 వేలు ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు రాదు, రెండూ పెట్టి దొరికిపోకండి. కేంద్రం క్రీడా పథకం ఖేలో ఇండియాలో నెలకు పది వేలు అనేది ఎంపికైన ఆటగాళ్లకు, బీపీఈడీ చదివే ప్రతి ఒక్కరికీ కాదు. క్రీడా పోషకాహారం మీద ఆసక్తి ఉన్న డిగ్రీ పిల్లలు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎమ్మెస్సీ స్పోర్ట్స్ న్యూట్రిషన్ ప్రవేశ పరీక్షకు తయారవ్వడం మంచిది. బీసీ విదేశీ విద్యానిధి 20 లక్షలని మీ అమ్మాయికి ఎవరో ఒకరు ఇప్పటికే చెప్పి ఉంటారు. అదీ విడతల్లో, అక్కడికి వెళ్లాక వచ్చే డబ్బు. దాన్ని చూపించి వీసా ఖర్చులకు అప్పు తేవద్దు.

అబ్బాయి జిమ్ ట్రైనర్ సర్టిఫికెట్ కోర్సు ఏదైనా 'నో కాస్ట్ ఈఎంఐ'లో చేరతానంటే ఆపండి. ఈ వయసు పిల్లలకు ఆ ఫోన్లు బాగా వస్తున్నాయి, ఓటీపీ చెప్పగానే ఒక ఫైనాన్స్ కంపెనీలో అతని పేరున అప్పు తయారవుతుంది. ఇప్పటికే ఏదైనా తీసుకున్నాడేమో కోప్పడకుండా కనుక్కోండి. అమ్మాయిని హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ చూపించమనండి, ఆడపిల్లలకు టికెట్ డబ్బులు ఉండవు. ప్రైవేటు బస్సుకు పెట్టే డబ్బు అమ్మ ఖాతాలో పడితే బాగుంటుంది.

ముందు బంగారం, తర్వాత విద్యారుణం, ఈ వరుసలో వెళ్లండి. ఫీజు గడువు దగ్గరపడితే కాలేజీలో రెండు వాయిదాలు అడగండి. బ్యాంకు లోన్ ప్రాసెస్‌లో ఉందని రాసిచ్చిన కాగితం చూపిస్తే చాలా కాలేజీలు కొంత గడువిస్తాయి. బ్యాంకు ఏమన్నదో మళ్లీ రాయండి.