నోవహుని మాట్లాడించకండి
మీ కథలో బైబిల్ జలప్రళయం నోవహు కోనసీమ లంకలో (గోదావరి పాయల మధ్య దిబ్బ మీద) ఓడ కడుతూ దేవుడితో వాదించే సీన్‌కి నవ్వు రావట్లేదన్నారు కదండీ. ఆ వాదన తీసేయండి. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో వరద అయిపోయేదాకా ఆయన నోట ఒక్క మాట లేదు, 9వ అధ్యాయం చివర్లో తాగి పడుకుని లేచాకే నోరు విప్పాడు, అదీ శాపం పెట్టడానికి! కాబట్టి ఆయన్ని ఓడకి కీలు (తారు) పూసుకోనిచ్చి లంకవాళ్లని మాట్లాడించండి. 1986 గోదావరి వరద చూసినవాళ్లు వానకి భయపడరు (మా మామ్మ డాబా మీద పొయ్యి పెట్టి పులుసు కాచింది). వాళ్లడిగేది ఒకటే, "300 మూరల పడవ సరే బాబాయ్, చుక్కాని ఏదీ?" నిజంగానే ఆదికాండంలో చుక్కాని ఊసే లేదు. ఇక ఏ రేవుకని చీటీ రాయాలో తెలీక రేవు పాటదారు (రేవుని వేలంలో పాడుకున్నవాడు) బుర్ర గోక్కుంటాడు, మీ వేదాంతమంతా అక్కడ దూర్చేయండి.