టీషర్టు ముడుచుకుపోతే తప్పు అమ్మాయి చేతిదా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి మెషీన్ ఎంబ్రాయిడరీ నేర్చుకుంటోంది. మందపాటి బట్ట మీద డిజైన్ చక్కగా వస్తోంది. టీషర్టుల మీద కుట్టినవి మాత్రం ఉతికేసరికి ముడుచుకుపోతున్నాయి. బట్టకు ఆసరాగా వెనక వేసే పొర, అదే బ్యాకింగ్, కట్-అవే మంచిదా, టేర్-అవే మంచిదా? అసలు ఆమె చేయి ఈ పనికి పనికిరాదేమో అనిపిస్తోంది. ఇది మాన్పించి డిజిటైజింగ్ కోర్సులో చేర్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: మీరు బ్యాకింగ్ గురించి అడిగారు గానీ, మీ బెంగంతా అమ్మాయి దారి తప్పిందేమోనని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి కనుక ముందే చెబుతున్నాను, తప్పలేదు. మందపాటి బట్ట మీద చక్కగా వస్తోందని మీరే రాశారు. అంటే మెషీన్ నడపడం, దారం బిగువు చూసుకోవడం ఆమెకు వచ్చినట్టే. చేతిలో లోపముంటే అక్కడ కూడా బయటపడేది.

తేడా బట్టలో ఉంది. నేసిన బట్టలో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. టీషర్టు బట్ట అల్లినది, ఎటు లాగితే అటు సాగుతుంది. కుట్టు పడిన ప్రతిసారీ దారం బట్టను లోపలికి లాగుతుంది. ఆ లాగుడును తట్టుకోవలసింది వెనకనున్న బ్యాకింగ్. టేర్-అవేను పని అయ్యాక చింపేస్తారు. సులువుగా చిరగడానికే దాన్ని తయారుచేస్తారు కాబట్టి సూది పోట్లు దట్టంగా పడినచోట కుట్టేటప్పుడే అది వదులైపోతుంది. ఉతికాక బట్టను పట్టి ఉంచేది ఇంకేమీ మిగలదు. కట్-అవే అలా కాదు, డిజైన్ చుట్టూ ఓ 6 మిల్లీమీటర్లు వదిలి కత్తిరిస్తారు, మిగతాది చొక్కా ఉన్నంతకాలం వెనకే ఉంటుంది. కాబట్టి సాగే బట్టకు కట్-అవే. చదరపు గజానికి 2.5 ఔన్సులు, అంటే చదరపు మీటరుకు దాదాపు 85 గ్రాముల రకం మామూలు టీషర్టుకు సరిపోతుంది. పల్చని, లేతరంగు బట్టయితే ఆ ముక్క అంచు బయటికి కనిపిస్తుంది, అక్కడ జాలీలా పల్చగా ఉండే మెష్ రకం వాడాలి.

అయినా ముడతలు వస్తే హూప్, అంటే బట్టను పట్టి ఉంచే చట్రం, బిగించే తీరు చూడమనండి. బ్యాకింగ్ బిగుతుగా ఉండాలి, టీషర్టు మాత్రం సాగకుండా దాని మీద తీరుగా పరుచుకుని ఉండాలి. కొత్తవాళ్లు బట్టను కూడా లాగి బిగిస్తారు. హూప్ తీయగానే బట్ట వెనక్కి ముడుచుకుంటుంది, కుట్టు కదలదు. అప్పుడు ఎంత మంచి బ్యాకింగ్ వేసినా ఫలితం ఉండదు. అల్లిక పోగులు తెగకుండా మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వాడాలి. టేర్-అవేను మాత్రం పారేయకండి, గట్టిగా నేసిన బట్టలకు, టోపీలకు అదే హాయి. తువ్వాలు మీదైతే కుట్లు నూలు బొచ్చులో మునిగిపోకుండా పైన నీళ్లలో కరిగే పలుచని పొర వేస్తారు.

ఇక డిజిటైజింగ్. ఈ మధ్య ప్రతి తల్లిదండ్రీ దీన్నే అడుగుతున్నారు. బొమ్మను కుట్లుగా మార్చే పని కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తారు కనుక చూడటానికి పెద్ద ఉద్యోగంలా ఉంటుంది. నాకు మాత్రం దాని మీద రెండు అనుమానాలున్నాయి. ఫైలును ఏ దేశం నుంచైనా పంపవచ్చు కాబట్టి ఆ పనిలో ధర దగ్గరే పోటీ తీవ్రంగా ఉంటుంది, తేలిక డిజైన్లను సాఫ్ట్‌వేర్ తనంతట తానే మార్చేస్తోంది కూడా. రెండోది ఇంకా ముఖ్యం. కుట్ల వరుసల మధ్య ఎడం మామూలుగా 0.4 మిల్లీమీటర్లు పెడతారు, అయితే ఏ బట్టకు దాన్ని ఎంత పెంచాలో, డిజైన్ కింద ముందుగా పడే అడుగు కుట్టు ఎలా వేయాలో, లాగుడుకు సరిపడేలా ఆకారాన్ని ఎంత వెడల్పు చేయాలో తెర మీద కనిపించదు. చేత్తో హూప్ బిగించి, పాడుచేసుకుని చూసినవాళ్లకే అది తెలుస్తుంది. మీరు మాన్పించాలనుకుంటున్న పనే ఆ కోర్సుకు పునాది. ఒకటి రెండేళ్లు బట్టల మీద పనిచేశాక ఆమె తనంతట తాను అడిగితే సంతోషంగా చేర్పించండి.

మరో మాట, నొచ్చుకోకండి. ఇంత ఉత్తరంలో అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. ముడతలు మీరు చూశారు, ఉతికి చూడాలన్న ఆలోచన ఎవరిదో చూడలేదు. అది ఆమెదే అయితే పనిలో నిలబడే లక్షణం ఆమెకు ఇప్పటికే ఉంది. కుట్టిన ప్రతిదాన్నీ తీర్పు చెప్పే చూపుతో తిరగేయడం ముందు మానండి. పాడైన టీషర్టు ఈ చదువుకయ్యే ఖర్చులో భాగం, దాన్ని ఇంట్లో వాదనకు సాక్ష్యంగా పెట్టుకోవద్దు.

ఈ వారం ఆమెను ఒకే డిజైన్‌ను ఒకే రకం టీషర్టు బట్ట మీద టేర్-అవేతో ఒకసారి, కట్-అవేతో ఒకసారి, మెష్‌తో ఒకసారి కుట్టమనండి. మూడింటినీ నాలుగైదు సార్లు ఉతికి, ఏ ముక్క వెనక ఏది వేసిందో రాసి ఒక పుస్తకంలో అంటించుకోవాలి. పని అడగడానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ పుస్తకమూ పట్టుకెళ్లమనండి.