మాట్లాడే మనిషిని కాదు, వినే మనిషిని చూడు

సింధూ,

నలుగురూ కలిసి చూడ్డానికి ఇండోనేషియా ప్రేమ సినిమా చెప్పమన్నావు. పది పేర్లు రాస్తే ఒక్కటీ చూడరు, అందుకే ఒక్కటే చెప్తున్నా: ‘అదా అపా దంగన్ చింతా’, 2002. అంత పొడుగు పేరు పలకడం అక్కడివాళ్లకీ బద్ధకమే, ఏఏడీసీ అనేస్తారు. ఆ నాలుగక్షరాలు కొట్టి వెతికినా దొరుకుతుంది. చింతా హీరోయిన్ పేరు. వాళ్ల భాషలో ఆ మాటకి ప్రేమ అని అర్థం, కాబట్టి పేరు చూసి ఏడుపుగొట్టు సినిమా అనుకోకండి.

కథ కొసరంతే చెప్తాను. జకార్తా, ఇంటర్ వయసు పిల్లలు. తెల్లచొక్కా, బూడిదరంగు స్కర్టు లేదా ప్యాంటు అక్కడ హైస్కూల్ పై తరగతుల యూనిఫాం. చింతా స్కూల్ గోడపత్రిక నడుపుతుంది. కవితల పోటీలో ఈసారి కూడా బహుమతి తనదే అని అందరూ అనుకుంటుంటే, రంగ్గా అనే అబ్బాయికి వెళ్తుంది. వాడు ఆ కవిత పంపనే లేదు, స్కూల్లో పనిచేసే పెద్దాయన వాడికి చెప్పకుండా పంపాడు. గోడపత్రిక కోసం ఇంటర్వ్యూ అడగబోతే ఇవ్వనంటాడు. మిగతాది మీరే చూసుకోండి.

ఇక ఏర్పాట్లు. నెట్‌లో ఎవరెవరో ఎక్కించిన కాపీల జోలికి పోవద్దు. కాపీరైట్ వాళ్లకి దొరక్కుండా సినిమా వేగం కాస్త మారుస్తారు, గొంతుల స్థాయి పెంచుతారు, అంచులు కోస్తారు. పాటలైతే ఎలాగో భరించవచ్చు గానీ, ఈ సినిమాలో హీరో నటన సగం వాడి గొంతులోని బరువులో ఉంది. ఆ గొంతు సన్నబడితే వాడు పొగరుబోతులా వినిపిస్తాడు తప్ప లోపల ఏదో దాచుకున్నవాడిలా వినిపించడు. హక్కులున్న ఓటీటీలో మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి, లేకపోతే వచ్చేదాకా ఆగండి. సబ్‌టైటిల్స్ మనుషులు రాసినవే కావాలి. యంత్రం తయారుచేసినవి జకార్తా కుర్రకారు యాస దగ్గర బొక్కబోర్లా పడతాయి, హాస్యం మొత్తం పోతుంది.

టీవీలో వేస్తే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్ (కదలికల్ని యంత్రంతో నున్నగా చేసే సెట్టింగ్) ఆపెయ్. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. అది ఆన్‌లో ఉంటే మంచి సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్‌లా జారిపోతూ కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే దాని స్పీకర్లు వద్దు, చిన్న బ్లూటూత్ స్పీకరైనా సరే పెట్టుకోండి.

సినిమా రెండు గంటల్లోపే. ఇంటర్వెల్ లేదు. మీలో ఎవరికో టీ తాగాలనిపిస్తుంది కాబట్టి ఎక్కడ ఆపాలో కూడా చెప్తాను: క్వితాంగ్ పాత పుస్తకాల కొట్ల దగ్గర ఇద్దరికీ గొడవై విడిపోయాక. ఆ తర్వాత మళ్లీ కలిసే దగ్గర్నుంచి చింతా స్నేహితురాలు ఆల్యా విషయం బయటపడేదాకా ఆపకూడదు. అక్కడ సంతోషం మీదే అపరాధభావం వచ్చి కూర్చుంటుంది, మధ్యలో టీ తాగొస్తే ఆ బిగి పోతుంది.

సబ్‌టైటిల్‌తో చూసేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. రెండు లైన్ల సబ్‌టైటిల్ మహా అయితే ఏడు సెకన్లు తెరమీద ఉంటుంది. అంతసేపూ కళ్లు అక్కడే ఆనిస్తే మొహాలు చూడటం ఎప్పుడు? చదవడానికి నిజంగా అంతసేపు పట్టదు. ఒక్క చూపులో చదివేసి కళ్లు పైకెత్తండి, అదీ మాట్లాడే మనిషి మీదికి కాదు, వినే మనిషి మీదికి. మాట్లాడేవాళ్లు ఏమన్నారో కింద అక్షరాల్లో తెలిసిపోయింది కదా. అవతలివాళ్లకి అది ఎలా తగిలిందో ఏ సబ్‌టైటిల్ రాయదు. ముఖ్యంగా రంగ్గా. వాడికి డైలాగులు తక్కువ, వినడం ఎక్కువ.

రంగ్గా వేసిన నికొలాస్ సపుత్రా 1984లో పుట్టాడు, ఇది అతని మొదటి సినిమా. కొత్తవాళ్లు మామూలుగా చేతులు ఏం చెయ్యాలో తెలియక అతి చేస్తారు, ఇతను ఏమీ చెయ్యడు. చేతిలో పుస్తకం, కిందికి చూపు, జవాబు చెప్పే ముందు ఓ క్షణం ఆలస్యం. ఆ ఆలస్యాన్ని గమనిస్తూ ఉండండి. మొదట్లో అది ‘నీతో నాకేం పని’ అన్నట్టుంటుంది, పోనుపోను ‘ఏం చెప్తే వెళ్లిపోకుండా ఉంటావు’ అన్నట్టు మారుతుంది. మొహం దాదాపు అదే. 2005లో ‘గీ’ సినిమాకి ఉత్తమ నటుడిగా ‘చిత్ర’ అవార్డు (ఇండోనేషియా చలనచిత్రోత్సవంలో ఇచ్చే పురస్కారం) అందుకున్నప్పుడు కూడా ఈ నిలకడే అతని పెట్టుబడి.

చింతాగా వేసిన డియాన్ సస్త్రోవర్దొయో పని ఇంకా కష్టం, చాలామంది గుర్తించరు. చింతా ఒక్క మనిషి కాదు. నలుగురు స్నేహితురాళ్ల మధ్య ఉన్నప్పుడు నాయకురాలు, మాట విసురుగా వస్తుంది, భుజాలు వెనక్కి ఉంటాయి. రంగ్గా ముందుకొచ్చేసరికి ఆ విసురు పనిచెయ్యదు. ఆపైన స్నేహితురాళ్లకి అబద్ధం చెప్పడం మొదలుపెట్టాక, బయటికి ఒకటి లోపల ఒకటి. అబద్ధమాడే సన్నివేశాల్లో ఆమె కాస్త ఎక్కువ నవ్వుతుంది, అది ఆమె సరిగ్గా చెయ్యకపోవడం కాదు, చింతాకి అబద్ధమాడటం రాదు. 2004లో ఇండోనేషియా చలనచిత్రోత్సవం పుష్కరం తర్వాత మళ్లీ మొదలైనప్పుడు ఉత్తమ నటి చిత్ర అవార్డు ఈ పాత్రకే ఇచ్చారు. దర్శకుడు రూడీ సుజార్వోకీ, స్క్రీన్‌ప్లేకి జుజుర్ ప్రనంతోకీ కూడా వచ్చాయి.

చెవులకీ పని ఉంది. చింతా బృందం తమలో తాము ‘గ్వె’ (నేను), ‘లో’ (నువ్వు) అనుకుంటారు, ఒరే ఒసే చనువు. రంగ్గా మాత్రం ‘నేను’ అనడానికి మర్యాదగా ‘సాయా’ అంటాడు, ఆ వయసు కుర్రాడు స్కూల్లో మాట్లాడే తీరు కాదది. సబ్‌టైటిల్‌లో రెండూ ఒకటే అయిపోతాయి. క్వితాంగ్ గొడవలో చింతా కోపంతో ‘గ్వె’ అని అరవడం, వాడు తన పద్ధతి వదలకపోవడం చెవిన పెడితే, దెబ్బలాట ఎవరి చేతిలో ఉందో ఇట్టే తెలుస్తుంది.

ఆ క్వితాంగ్ సన్నివేశాన్నే రెండోసారి కూడా చూడండి. సెంట్రల్ జకార్తాలో సెనెన్ దగ్గర పాత పుస్తకాలకి పేరున్న చోటు అది, మనకి కోఠి ఫుట్‌పాత్‌ల లాగా. రంగ్గా చేతిలో తిరిగే పుస్తకం ‘అకూ’, సుమన్ జయా రాసినది, 1949లో పాతికేళ్లు దాటీ దాటకుండానే పోయిన కవి ఖైరిల్ అన్వర్ జీవితం మీద. ఆ పుస్తకం పోవడం, చింతాకి దొరకడం వల్లే వీళ్లు ఇక్కడిదాకా వచ్చారు. రంగ్గా మొదటిసారి హాయిగా ఉన్న చోటిది. చింతాకేమో స్నేహితురాళ్లతో కన్సర్ట్‌కి టైమవుతోంది. ఆమె వాచీ చూసుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి సబ్‌టైటిల్స్ తీసేసి చూడండి. రంగ్గా ఎక్కడ మూసుకుపోతాడో కనిపెట్టాలి. వాడు నోరు జారేకంటే ముందే అది జరుగుతుంది.

రంగ్గా ఇంటి సంగతి మీ వాళ్లకి ముందే రెండు ముక్కల్లో చెప్పు. అక్కడి నియంత సుహార్తో ప్రభుత్వం 1998 మేలో పడిపోయింది, సినిమా నాలుగేళ్లకి వచ్చింది. రంగ్గా తండ్రి అధికారుల అవినీతి మీద రాసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, తల్లి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. చింతా వాళ్లింట్లో ఉండగా పెట్రోలు సీసా వచ్చి పడుతుంది. ఈ నేపథ్యం తెలియకపోతే ‘ప్రేమ సినిమాలో బాంబేంటి’ అని ఎవరో ఒకరు నవ్వుతారు. తెలిస్తే రంగ్గా అంత బిగుసుకుని ఎందుకుంటాడో ఇంకెవరూ అడగక్కర్లేదు.

ఇంకో హెచ్చరిక, ఇది సరదాకి కాదు. ఆల్యాని ఇంట్లో తండ్రి కొడుతుంటాడు, సినిమాలో ఆమె ప్రాణం తీసుకోబోతుంది. మీ గుంపులో ఎవరికైనా అలాంటిది తట్టుకోవడం కష్టమైతే ముందే చెప్పెయ్. ‘సస్పెన్స్ పోతుంది’ అనకు.

చింతా గిటారుతో పాడే కవిత రాకో ప్రిజంతో రాసినది. సబ్‌టైటిల్‌లో అది చప్పగా ఉంటుంది, కవిత్వానికి ఎప్పుడూ అంతే. చదవడం మానేసి ఆమె ఎవరివైపు చూస్తోందో, ఎప్పుడు చూపు తిప్పుకుంటోందో చూడండి. పాటలు మెల్లీ గుస్లావ్, అంతో హుడ్‌లవి, మన సినిమాల్లోలా కథ ఆపి స్టెప్పులేసే పాటలు కావు. చివర్లో ఎయిర్‌పోర్ట్ ఉంది. మనవాళ్లు ఎయిర్‌పోర్ట్ క్లైమాక్సులు తీసి తీసి దాని పరువు తీశారు కాబట్టి మీకు నవ్వొచ్చే ప్రమాదముంది. కాసేపు ఓర్చుకోండి.

రెండో భాగం 2016లో వచ్చింది, దర్శకుడు రిరి రిజా. అదే రోజు పెట్టుకోవద్దు, కనీసం వారం ఆగండి. అదే నటులు పద్నాలుగేళ్లు పెద్దయ్యారు, ఆ తేడా కళ్లకి తెలియాలంటే మొదటిది కాస్త పాతబడాలి. 2014లో లైన్ అనే మెసేజింగ్ యాప్ కోసం తీసిన పొట్టి సినిమా కూడా కనిపిస్తుంది, దాని కథకీ 2016 కథకీ పొంతన కుదరదు, వదిలెయ్యండి. రెండో భాగం యోగ్యకర్త నగరంలో నడుస్తుంది, అక్కడ చింతా తన కోపం రంగ్గా మొహం మీదే చెప్పే చోట ఆమె నోట ‘సాయా’ వినిపిస్తుంది. డియాన్ గొంతు పెంచదు. మొదటి భాగంలో అరిచిన పిల్లేనా ఈవిడ అనిపిస్తుంది. కానీ మొత్తం మీద రెండోది కొంచెం టూరిజం ప్రకటనలా తయారైంది, కాఫీ షాపులు, కోడి ఆకారపు ప్రార్థనామందిరం, సూర్యోదయం. నటులిద్దరి కోసం చూడొచ్చు. 2025లో కొత్త నటులతో మ్యూజికల్‌గా మళ్లీ తీశారు, అది మాత్రం అన్నిటికంటే చివర్న.

చూశాక మీలో ఎవరు రంగ్గా పక్షం, ఎవరు చింతా స్నేహితురాళ్ల పక్షం అయ్యారో ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ