బుజ్జికి, జైలు డ్యూటీలో చేరే ముందు

బుజ్జీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. "పిల్ల జైలుకు పోతానంటోంది అక్కా, నువ్వైనా చెప్పు" అంది. చంచల్‌గూడ జైలు ఆస్పత్రిలో నీకు స్టాఫ్ నర్సుగా ఆర్డరొచ్చిందని ఆ ఏడుపు మధ్యలోనే తెలిసింది నాకు. వద్దని చెప్పను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక జిల్లా జైలులో డిప్యుటేషన్ మీద చేసిన రెండేళ్ళే నాకు పని నేర్పాయి. నువ్వు జీఎన్ఎం నర్సింగ్ కోర్సు పాసైన రోజు కన్నా ఈ మాట విన్నప్పుడే ఎక్కువ గర్వపడ్డాను. భయమూ అంతే వేసింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. ఫోను గేటు దగ్గరే ఇచ్చెయ్యి. సూదులు, బ్లేడ్లు డ్యూటీ ఎక్కేటప్పుడు లెక్కపెట్టు, దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టు. మాత్ర చేతిలో పెట్టి పక్కకు తిరగకు, నీ ఎదుటే మింగించి నోరు తెరిపించి చూడు. రోజుకొకటి దాచుకుని అన్నీ ఒకేసారి మింగేవాళ్ళుంటారు. ఎంత జాలేసినా ఎవరి చీటీ బయటికి మోయకు. రెండు వారాలు దాటిన దగ్గుంటే టీబీ ఏమోనని తెమడ పరీక్ష చేయించు, ఒకే బ్యారక్‌లో అందరూ పక్కపక్కనే పడుకుంటారు. ఏం కేసులో వచ్చావని అడగకు. తెలిస్తే చెయ్యి ఆగుతుంది. నాకు ఒకసారి ఆగింది.

ఇక అసలు మాట. ఇది ఇంతవరకు మీ అమ్మక్కూడా చెప్పలేదు.

1999లో ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగే టైంకి రిమాండ్ ఖైదీని ఒకతన్ని తీసుకొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, హమాలీ. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ చూసి కాగితం నింపాలి కదా. ఆఖరి బస్సు పోతుందని నాకు ఒకటే తొందర. బరువు, బీపీ, ఒంటి మీద దెబ్బలు చకచకా రాసేసి, "మందు తాగుతావా?" అన్నాను. "లేదు సిస్టర్" అన్నాడు. అలవాట్లు లేవు అని రాశాను. వేలిముద్ర వేయిస్తుంటే బొటనవేలు వణికి సిరా చెదిరిపోయింది. గుడ్డతో తుడిచి, నేనే అతని వేలు పట్టుకుని రెండోసారి వేయించాను. ఆ వణుకు నా చేతికి తెలిసింది బుజ్జీ. మొదటిసారి జైలుకొచ్చాడు, భయపడుతున్నాడులే అనుకున్నాను.

మర్నాడు నాది నైట్ డ్యూటీ. వెళ్ళేసరికి, పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదని, చెమటలు పడుతున్నాయని, గోడ మీద ఏవో పాకుతున్నాయంటున్నాడని వార్డరు చెప్పాడు. "అంతా నాటకం సిస్టర్, బయటి ఆస్పత్రికి పోవాలని" అన్నాడు. నేను వెళ్ళి చూడలేదు. ఒక పారాసిటమాల్ పంపించాను. అర్ధరాత్రి దాటాక ఫిట్స్ వచ్చాయి. సిమెంటు గట్టుకు తల కొట్టుకుని నుదురు చీలింది, నాలుక కొరుక్కున్నాడు. పెద్దాస్పత్రికి పంపాలంటే ఎస్కార్ట్ పోలీసులు రావాలి. వాళ్ళు వచ్చేసరికి రెండు గంటలు. అంతసేపూ అతన్ని పక్కకు తిప్పి పట్టుకుని, నోటి నెత్తురు తుడుస్తూ కూర్చున్నాను. మళ్ళీ ఫిట్స్ వస్తే నా దగ్గర ఏముంది చెప్పు?

బతికాడు. ఎనిమిది కుట్లు పడ్డాయి. కట్టు మార్చడానికి నా దగ్గరికే తెచ్చినప్పుడు, "రోజూ తాగేవాడివట, నాతో అబద్ధం ఎందుకు చెప్పావు?" అని కోప్పడ్డాను. అతను తెల్లబోయి చూశాడు. "మీరు మందు అడిగారు సిస్టర్. నేను మందు ముట్టను. కల్లే తాగుతా. పొద్దున రెండు సీసాలు, రాత్రి మూడు."

కల్లును మన దగ్గర ఎవరూ మందు అనరని నాకు తెలియదా! మీ తాత రోజూ పొద్దుగూకే వేళకు కల్లుకు పోయేవాడు. ఆయన మందు తాగుతాడని ఎవరైనా అంటే మీ అమ్మమ్మ వాళ్ళ మీదికి పోయేది. ఆ ఇంట్లో పుట్టి పెరిగి, ఆ ప్రశ్న అలా అడిగాను.

తాత తాగింది చెట్టు కల్లు. ఇప్పుడు సీసాల్లో వచ్చేదాంట్లో డైజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో దాడులు చేసి సరఫరా ఆపినప్పుడు నిజామాబాద్ వైపు ఎంతమంది ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆస్పత్రులకొచ్చారో తెలుసు కదా. జైలంటే ఒక్కసారిగా ఆపెయ్యడమే. సారా మానినవాళ్ళకు ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. డైజిపాం ఒంట్లో చాలా రోజులుంటుంది కాబట్టి కల్లు వాళ్ళకు వారం తర్వాత కూడా రావచ్చు. మూడు రోజులు బాగున్నాడని వదిలెయ్యకు. "అన్నా, కల్లు తాగుతావా? రోజుకెన్ని సీసాలు? ఆఖరిసారి ఎప్పుడు తాగావు?" అని అడుగు. మందు, సారా, గంజాయి, నిద్రమాత్రలు అన్నీ విడివిడిగా అడుగు. చేతులు చాపించి చూడు. నాటకం అనే మాట నీ నోట వచ్చిందంటే నేనే వచ్చి చెవి మెలిపెడతాను, నిజంగా.

డాక్టరుకు ఎన్నింటికి చెప్పావో, ఆయనేమన్నారో టైముతో సహా రాసిపెట్టు. కస్టడీలో మనిషి పోతే 24 గంటల్లో మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, మెజిస్ట్రేటు విచారణ జరుగుతుంది. నువ్వు నింపిన కాగితం అప్పుడు బయటికొస్తుంది. నా బిడ్డ ఆ కాగితం ముందు తల దించుకుని నిలబడకూడదు.

ఆడవాళ్ళ జైలు వైపు డ్యూటీ వేస్తే అక్కడ పిల్లలు కూడా ఉంటారు. ఆరేళ్ళు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండొచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ అప్పటి మన రాష్ట్రం మీద వేసిన కేసులోనే. టీకాల కార్డు ఇంట్లోనే ఉండిపోయి ఉంటుంది. జైలర్‌కు చెప్పి, ములాఖత్‌కు వచ్చేవాళ్ళతో తెప్పించు. జేబులో బిస్కెట్ ప్యాకెట్ పెట్టుకోవాలనిపిస్తుంది నీకు, నాకు తెలుసు. ముందు పర్మిషన్ అడుగు.

మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. నా చిన్న టార్చి కొరియర్‌లో పంపుతున్నాను. రాత్రి బ్యారక్‌లో మనిషి కళ్ళు చూడ్డానికి ట్యూబులైటు వెలుగు చాలదు. గేటు దగ్గర రిజిస్టరులో రాయించి లోపలికి తీసుకుపో, సెల్లు కొత్తవి వేసుకో. మొదటి నైట్ డ్యూటీ దిగాక ఎన్నింటికైనా సరే ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ