ఆదివారం తెరవని హోటలు

ప్రశ్న: అట్లాంటా దగ్గర మా అబ్బాయి ఇంటికొచ్చి రెండు నెలలైంది. మొన్న ఆదివారం మనవడు చిక్-ఫిల్-ఏ అనే చికెన్ హోటలుకు వెళ్దామని మారాం చేస్తే వెళ్ళాం. తాళం వేసి ఉంది. ఓనర్లు క్రైస్తవులట, ఆదివారం తెరవరట. మా కోడలైతే ఏ రోజూ అక్కడ తినదు, వాళ్ళ మర్యాదంతా నటనేనంటుంది. వ్యాపారంలోకి దేవుణ్ణి తేవడం సబబేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, నేనూ ఆ ఊరి శివార్లలో ఏడేళ్ళు కాపురం చేశాను. మన దగ్గర గల్లాపెట్టె పైనున్న పటానికి దండ వేసి, అగరుబత్తి వెలిగించాకే మొదటి ఇడ్లీ ప్లేటు బయటికొస్తుంది. ఆ పొగ మన బల్ల దాకా వచ్చినా ఎవరమూ తప్పుపట్టం. కాలిఫోర్నియాలో ఇన్-ఎన్-అవుట్ అనే బర్గర్ల హోటలు వాళ్ళు కప్పు అడుగున చిన్న అక్షరాలతో బైబిల్ వచనం సంఖ్య అచ్చేస్తారు. ఎత్తి చూస్తేనే కనిపిస్తుంది. దానివల్లా నాకు ఇబ్బంది లేదు.

ఇక ఆదివారం సంగతి. 1946లో, తర్వాత చిక్-ఫిల్-ఏ స్థాపించిన ట్రూయెట్ క్యాథీ, సోదరుడు బెన్ కలిసి అట్లాంటా పక్కనున్న హేప్‌విల్‌లో డ్వార్ఫ్ గ్రిల్ అనే చిన్న హోటలు పెట్టారు. 24 గంటలూ నడిపేవారు. మొదటి వారం గడిచేసరికి ఒళ్ళు హూనమై ఆదివారం మూసేశారు. ట్రూయెట్ బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖవాడు, చర్చిలో పిల్లలకు దశాబ్దాల పాటు పాఠాలు చెప్పినాయన. అలా అలసటా, భక్తీ ఒకే రోజున కలిశాయి. ఇప్పటికీ అట్లాంటా ఫుట్‌బాల్ స్టేడియంలో ఆటలు చాలావరకు ఆదివారాలే అయినా వాళ్ళ కొట్టు మాత్రం మూతే. అంత బేరం వదులుకుని పనివాళ్ళందరికీ ఒకే రోజు సెలవివ్వడం నాకు నచ్చుతుంది.

మర్యాద నటనేనా అంటే, నేర్పిన మర్యాదే. థాంక్స్ చెబితే బదులుగా ‘మై ప్లెజర్’ (నాకూ సంతోషమే) అనే మాట ట్రూయెట్ ఒక పెద్ద హోటల్లో విని, నచ్చి, తన వాళ్ళకు అలవాటు చేశాడు. కానీ ఒకసారి మా అత్తగారు అక్కడి కౌంటరులోని పిల్లను తెలుగులోనే “అమ్మా, కాసిని వేడినీళ్ళు” అని అడిగారు. ఆ పిల్లకు భాష అర్థం కాలేదు. ఆవిడ దగ్గు విని కప్పులో వేడినీళ్ళు తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. అది ఎవరో నేర్పితే వచ్చిందనుకోను. ఇంకో చోట మా ఆయన శాకాహారి అని రెండుసార్లు చెప్పినా కోడిమాంసం పెట్టిచ్చి, అడిగితే మొహం చిట్లించారు. అక్కడ దేవుడి ఊసే లేదు. అన్నం పెట్టే చోట మనిషిని ఎలా చూశారన్నదే నేను పట్టించుకుంటాను.

అయితే మీ కోడలి మాట కొట్టిపారేయకండి. 2012లో ట్రూయెట్ కొడుకు డాన్ క్యాథీ స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా మాట్లాడాడు. అలాంటి పెళ్ళిళ్ళను వ్యతిరేకించే సంస్థలకు కంపెనీ ఫౌండేషన్ నుంచి విరాళాలు వెళ్ళేవి. పెద్ద గొడవైంది. 2019లో విరాళాల పద్ధతి మారుస్తున్నామని ప్రకటించారు. గోడమీద పటం వేరు, నా డబ్బు ఇంకొకరి పెళ్ళికి అడ్డుపడటం వేరు. ఆ అమ్మాయికి అక్కడ ముద్ద దిగకపోతే అది పంతం కాదు. ఆఫీసులో పక్క సీటులో అలాంటి పెళ్ళి చేసుకున్న స్నేహితురాలెవరైనా తనకు గుర్తొస్తుందేమో, నెమ్మదిగా అడిగి చూడండి.

తనను రమ్మని బలవంతపెట్టకండి. మీరూ మనవడూ శనివారం వెళ్ళిరండి. వాడికి వేరుశనగ పడదంటే మాత్రం ముందు డాక్టరునడగండి, అక్కడ చికెన్ వేయించేది ఆ నూనెలోనే.