సందేహాలు – సమాధానాలు: సమాజమందిరమా, దేవాలయమా?

సందేహం: యూదులు ప్రార్థన చేసుకునే చోటును పేపర్లలో ఒకసారి ‘యూదుల దేవాలయం’ అనీ, ఇంకోసారి ‘సినగాగ్’ అనీ రాస్తున్నారు. తెలుగు బైబిల్లో ‘సమాజమందిరము’ అని ఉంది. ఏది సరైనది? – ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: బైబిల్లో ఉన్నదే మేలైన మాటండీ. లూకా సువార్త 4వ అధ్యాయంలో యేసు నజరేతులో చదవడానికి లేచి నిలబడింది ఈ సమాజమందిరంలోనే. గ్రీకులో ‘సునగోగే’ అంటే కూడిక. ‘సున్’ అంటే కలిపి, ‘అగో’ అంటే తోలడం, నడిపించడం. ఈ ‘అగో’కి మన సంస్కృతంలోని ‘అజ్’ ధాతువు స్వయానా తోబుట్టువు, దానికి ముందు ‘సమ్’ చేరిస్తే వచ్చిందే ‘సమాజం’! అమరకోశం ఇంకా ముచ్చటగా చెబుతుంది: ‘పశూనాం సమజోఽన్యేషాం సమాజః’. పశువుల మంద అయితే సమజం, మిగతావాళ్ల కూడిక అయితే సమాజం, తేడా అంతా ఒక్క దీర్ఘంలోనే. హీబ్రూలో ‘బేత్ క్నెసెత్’ అన్నా సభ కూడే ఇల్లే, ఇజ్రాయెల్ పార్లమెంటును క్నెసెట్ అనేదీ ఆ మాటతోనే. యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో షూల్ అంటారు, బడి అని అర్థం.

‘దేవాలయం’ అని రాసేవాళ్ల మీదే నా కోపం. సంప్రదాయ యూదుల లెక్కలో దేవాలయం ఒక్కటే, అది యెరూషలేములోది, క్రీ.శ. 70లో రోమన్లు కూల్చేశారు. అందుకే 1818లో హాంబర్గ్‌లో యూదు సంస్కరణవాదులు తమ ప్రార్థనాస్థలానికి ‘టెంపుల్’ అని పేరు పెట్టి, యెరూషలేముకు తిరిగి చేరాలని కోరే ప్రార్థనలను మార్చేసరికి సంప్రదాయ రబ్బీలు (యూదు మతగురువులు) మండిపడ్డారు. ఆ తగువు ఇప్పటికీ చల్లారలేదు. యెరూషలేము దేవాలయ ప్రాంగణానికి మిగిలిన పశ్చిమ గోడ దగ్గర, సంస్కరణవాదులు కోరినట్టు ఆడా మగా కలిసి ప్రార్థించుకునే చోటును సరిగ్గా ఏర్పాటు చేస్తామని ఇజ్రాయెల్ ప్రభుత్వం 2016 జనవరిలో ఒప్పుకుని, సంకీర్ణంలోని ఛాందస పార్టీల ఒత్తిడితో 2017 జూన్‌లో పక్కన పెట్టేసింది. ఇంత గొడవ ఉన్న మాటను, డెస్కులో కూర్చుని ఏ గుడైనా గుడే కదా అని వాడేస్తే ఎలా?

అయితే ఒక చిక్కుంది. ఇవాళ సమాజం అంటే సొసైటీ అనే అర్థమే ముందు తోస్తుంది కాబట్టి, బైబిల్ చదవనివాళ్లకు సమాజమందిరం కమ్యూనిటీ హాల్‌లా వినిపించవచ్చు. వాళ్ల కోసం ‘యూదుల సమాజమందిరం’ అనండి, లేదా సినగాగ్ అనే రాయండి, దానికి నేను అడ్డు చెప్పను. అమెరికాలో చాలా సంస్కరణవాద సంఘాలు తమ మందిరాల పేర్లలోనే టెంపుల్ అని పెట్టుకున్నాయి, అక్కడ ఆ పేరును అలాగే ఉంచాలి. ‘యూదుల చర్చి’ మాత్రం ఎక్కడా వద్దు.